సాక్షి సంతకం

జ్యోతిర్మయి మగ్గం గుంటలో దిగి కూర్చోవడం అది ఆరో రోజు.

పొద్దున్నే లేస్తుంది. మొహం కడుక్కుని గుంటలోకి దిగుతుంది. వెలుగు తగ్గేదాకా నేస్తుంది. పిలిస్తే పలకదు. కంచంలో పెట్టింది సగం తిని, చెయ్యి కడుక్కుని మళ్ళీ దిగుతుంది. పది నెలలుగా ఆ మగ్గం వంక చూడని పిల్ల, ఒక్కరోజు కూడా మానలేదన్నట్టు నాడె విసురుతోంది.

వెనకాల రాట్నం దగ్గర అమ్మ కండెలు చుడుతూ తన వీపు వంకే చూస్తోందని ఆమెకు తెలుసు. బయట అరుగు మీద నాన్న ఊరికే కూర్చున్నాడనీ తెలుసు. ఇంట్లో ఉన్నది ఒకటే మగ్గం. దాని మీద కూతురు కూర్చుంటే వెంకటప్పయ్యకి చెయ్యడానికి పనేమీ లేదు. అయినా లెమ్మని అనలేదు. విజయవాడ నుంచి వచ్చిన రోజున ఎందుకొచ్చావనీ అడగలేదు.

ఆ మౌనం చౌడేశ్వరమ్మకే ముందు భరించరానిదైంది. రాట్నం ఆపి గడప దగ్గరికి వెళ్ళింది.

“దాన్ని ఏదో ఒకటి అనండి. పోనీ తిట్టండి. మనిషిలో చలనమన్నా వస్తుంది.”

“తిట్టడానికి పంపించింది నేనా?” అన్నాడు వెంకటప్పయ్య.

చౌడేశ్వరమ్మ వెనక్కి తిరిగింది. వచ్చి మళ్ళీ రాట్నం ముందు కూర్చుంది గానీ, అది తిరిగిన చప్పుడు చాలాసేపు వినపడలేదు.

నిజమే, పంపించింది అమ్మే. ఇంటర్ తప్పి రెండేళ్ళు ఇంట్లో ఉన్న కూతురిని ఎదురుగా పెట్టుకుని ఆవిడ లోలోపల కుమిలిపోయేది. అలాంటి రోజుల్లో, నిరుడు వేసవిలో, చల్లపల్లి నేతవాళ్ళ వీధికి వేదశ్రీ మేడం వచ్చింది. విజయవాడ గవర్నర్‌పేటలో ‘చేవ’ అనే కేంద్రం ఆవిడది. చదువు ఆగిపోయిన పిల్లల్ని తీసుకెళ్ళి ఆరు వారాలు ఆరు రకాల పనుల్లో పెడతారు. బేకరీలో ఒక వారం, రక్తపరీక్షల ల్యాబులో ఒక వారం, కరెంటు పని, కుట్టుపని, ప్రింటింగు, ఏసీ రిపేరు. ఏది చేతికి నచ్చితే దాన్లో ఆర్నెల్లు నేర్పి, ఎక్కడో ఒకచోట కుదురుస్తారు.

ఆవిడ ఒక్కొక్క పిల్లనీ పక్కన కూర్చోబెట్టుకుని, నీకేం చెయ్యాలనుంది అని అడిగింది. జ్యోతిర్మయి జవాబు చెప్పలేకపోయింది. ఆ మాట అంతకుముందు ఎవరూ అడగలేదు మరి. తెలీదండీ అంటే వేదశ్రీ నవ్వి, తెలుసుకోవడానికే రమ్మంటున్నానని చెప్పింది.

నాన్న ఒప్పుకోలేదు. అమ్మ మూడు రోజులు ఆయనతో మాటలు మానేసింది. నాలుగో రోజు తనే కూతురి బట్టలు సర్ది బస్సెక్కించింది.

అందరూ కుట్టుపని తీసుకుంటుందనుకున్నారు. జ్యోతిర్మయి ఏసీ పని తీసుకుంది. ఆగిపోయిన యంత్రం విప్పి, లోపం ఎక్కడుందో పట్టుకుని, మళ్ళీ గుయ్యిమనిపించినప్పుడు ఆమెకు కలిగిన సంతోషం ఇంకే పనిలోనూ కలగలేదు. బ్యాచ్‌లో ఆ పని తీసుకున్న ఇంకొకడు కృష్ణలంక జాన్‌బాబు. వయసులో రెండేళ్ళు చిన్న, అక్కా అని పిలిచేవాడు. ఇద్దర్నీ కలిపి ఒక షాపులో పెట్టారు.

ఆ జాన్‌బాబే వారం కిందట బెంజ్ సర్కిల్ దగ్గర ఒక అపార్టుమెంటు నాలుగో అంతస్తు మీంచి కిందపడ్డాడు.

*

మధ్యాహ్నం పన్నెండు దాటాక ఇంటి ముందు ఆటో ఆగింది. దిగింది వేదశ్రీ.

వెంకటప్పయ్య గబగబా లేచి పైకండువా సర్దుకున్నాడు. “రండి మేడంగారూ,” అని కుర్చీ తెచ్చి వేశాడు. ఆవిడ కుర్చీలో కూర్చోకుండా లోపలికొచ్చి మగ్గం పక్కన నేల మీదే కూర్చుంది. ఎప్పుడూ గంజి పెట్టిన చీరలో మడత నలగకుండా ఉండే మనిషి. ఇవాళ చీర నలిగి ఉంది, కళ్ళకింద నల్లబడి ఉంది. ఒళ్ళో ఒక ఫైలు.

“ఆపరేషన్ అయింది జ్యోతీ. ప్రాణానికి భయం లేదు.” ఫైలు పక్కకి జరిపింది. “నడుం కింద స్పర్శ లేదంటున్నారు. వస్తుందో రాదో చెప్పలేమంటున్నారు.”

నాడె ఆగిపోయింది.

చౌడేశ్వరమ్మ తెచ్చిన మంచినీళ్ళు తాగి వేదశ్రీ మిగతా సంగతి తలవంచుకుని చెప్పింది. పోలీసులు కేసు రాశారు. రేపు పదింటికి ఎస్సైగారు జ్యోతిర్మయిని స్టేషనుకి రమ్మన్నారు. జాన్‌బాబు పడినప్పుడు గదిలో ఉన్నది జ్యోతి ఒక్కతే. షాపు సీనియర్ మెకానిక్ కింద వ్యాను దగ్గరున్నాడట. ఏం జరిగిందో లాయరుగారు ఒక కాగితం మీద రాయించారు. దాని కింద సంతకం పెట్టి, రేపు అదే మాట చెబితే చాలు. లేకపోతే, పిల్లలకి రక్షణ బెల్టులివ్వాల్సింది కేంద్రమే గనక, తప్పు దానిదవుతుంది. సాయం చేస్తున్న కంపెనీ చెయ్యి తీసేస్తుంది. ఇప్పటికే ఇద్దరు షాపుల వాళ్ళు మీ పిల్లల్ని ఇంక పంపొద్దని ఫోన్లు చేశారు.

“ముప్పై ఎనిమిది మంది ఉన్నారు జ్యోతీ ఈ బ్యాచ్‌లో. సోమవారం నుంచి వాళ్ళని ఎక్కడికి పొమ్మనాలో నాకు తెలియడం లేదు.”

“పెడుతుందండీ,” అన్నాడు వెంకటప్పయ్య గుమ్మంలోంచి. “సంతకమేగా. స్టేషన్లూ కేసులూ మా వల్ల కావు. అది పెట్టేసి వచ్చి ఇంటిపట్టున పడి ఉంటే మాకంతే చాలు.”

చౌడేశ్వరమ్మ ఆయన వంక చూడలేదు. “దాన్లో ఏముందో చదవ్వే,” అంది కూతురితో.

జ్యోతిర్మయి కాగితం తీసుకుంది. ఆరు రోజుల తర్వాత మొదటిసారి గొంతెత్తి చదివింది.

“సంస్థ వారు మా ఇద్దరికీ చెరొక సేఫ్టీ బెల్టు ఇచ్చియున్నారు. జాన్‌బాబు అనువాడు నేను వద్దని చెప్పినను వినక, బెల్టు ధరించకుండా, తన స్వంత నిర్లక్ష్యముతో కిటికీ సన్‌షేడ్ మీదికి దిగి…”

అక్కడ ఆగిపోయింది.

“ఇది నిజమేనా?” అని అడిగింది చౌడేశ్వరమ్మ.

పక్కింట్లో మగ్గం టకటకా ఆడుతోంది.

“మీరు చెప్పండి మేడం. చెరొకటీ ఇచ్చారా?”

వేదశ్రీ అబద్ధం చెప్పలేకపోయింది. “రెండుండేవమ్మా. ఒకదాని కొక్కెం విరిగింది. జ్యోతి నాకు పదిహేను రోజుల ముందే చెప్పింది. కొత్తది తెప్పిద్దామనుకుంటూనే ఉన్నాను, ఏవో పనులు అడ్డం వచ్చాయి. కానీ ఒకటి మాత్రం బాగానే ఉందమ్మా. అది వాడి దగ్గరే ఉంది. కిటికీ పక్కన పడేసి ఉండగా అందరూ చూశారు. వేసుకుని ఉంటే ఇవాళ ఇదంతా ఉండేది కాదు. ఒకటని రాయాల్సిన చోట చెరొకటని రాశారు, అంతే తేడా.”

జ్యోతిర్మయి కాగితం మడిచి మళ్ళీ విప్పింది. అది ఎవరూ గమనించలేదు.

“ఆ తేడా తేడా కాదా మరి?” అంది చౌడేశ్వరమ్మ. “ఆ పిల్లాడికీ ఓ తల్లుంటుంది కదండీ. రేపు ఆవిడ ఎవర్నడగాలి? నీ కొడుకు తప్పేనని నా కూతురి చేత చెప్పిస్తారా?”

“నీకెందుకే ఆ గోల?” వెంకటప్పయ్య విసుక్కున్నాడు. “నిజం చెప్పినా అబద్ధం చెప్పినా ఆ కుర్రాడి కాళ్ళు తిరిగొస్తాయా?”

“అక్కడ పడింది మన పిల్లయితే ఇదే మాట అంటారా?”

“పడలేదుగా.”

ఆ మాట అనేసి ఆయన ముఖం అటు తిప్పుకున్నాడు. కండువా కొంగుతో కళ్ళు వత్తుకోవడం జ్యోతిర్మయికి గుంటలోంచి కనిపించింది. ఈ ఆరు రోజులూ ఆయన ఎందుకు నోరెత్తలేదో అప్పుడు అర్థమైంది. అది కోపం కాదు. పడింది పరాయి పిల్లాడైనందుకు లోపల ఎక్కడో ఊరట, ఆ ఊరటకి సిగ్గు. ఆ రెండింటి మధ్యా ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

ఆమె గుంటలోంచి పైకి లేచింది.

“నేను మీతో వస్తాను మేడం. జాన్‌బాబుని చూశాక పెడతాను సంతకం.”

*

బస్సు పామర్రు దాటింది. కిటికీ పక్కన వరి చేలు వెనక్కి పోతున్నాయి. కాలవ నిండుగా ఉంది.

ఉయ్యూరు దగ్గర వేదశ్రీ నెమ్మదిగా మొదలుపెట్టింది. కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం మానేసి ఈ పని మొదలుపెట్టినప్పుడు ఇంట్లో వాళ్ళంతా నవ్వారని చెప్పింది. నాన్నగారు శేషగిరిరావు జీవితమంతా హైస్కూల్లో లెక్కలు చెప్పిన మనిషి, ఆయనొక్కడే నవ్వలేదట. పిల్లల్ని పాస్ చేయించడం వేరు, వాళ్ళ భారం మొయ్యడం వేరు, మొయ్యగలవా అని మాత్రం అడిగాడట.

“మోస్తున్నాననే అనుకున్నాను. అందరూ మెచ్చుకుంటుంటే నమ్మేశాను కూడా. నేను మంచిదాన్నని అనుకుంటూ వచ్చాను జ్యోతీ ఇన్నాళ్ళూ. ఆ కాగితం లాయరుగారు చదువుతుంటే, ఇక్కడ ఒకటి కాదు చెరొకటని రాయండి అని చెప్పింది నేనే.”

జ్యోతిర్మయికి ఆవిడ చెయ్యి పట్టుకోవాలనిపించింది. పట్టుకోలేకపోయింది. ఈవిడకే ఇంత బాధగా ఉంటే, అసలు సంగతి తెలిశాక తన వంక ఎలా చూస్తుందోనని భయం వేసింది.

కంకిపాడు దాటి బస్సు ఊళ్ళోకి వచ్చింది. బెంజ్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగింది. ఆ అపార్టుమెంటు అక్కణ్ణుంచి కనపడదు, లోపలి సందులో ఉంది. అయినా జ్యోతిర్మయి కళ్ళు మూసుకుంది. మూసుకుంటే ఇంకా బాగా కనిపించింది.

ఆ రోజు ఏసీ బిగించడానికి బయటికి దిగాల్సిన వంతు తనది. ఉన్న ఒక్క బెల్టూ నడుముకి కట్టుకుంది తనే. తాడు రెండో కొస పక్క కిటికీ ఊచలకి ముడేసింది. ఒక కాలు బయటపెట్టి కిందికి చూసేసరికి కళ్ళు తిరిగాయి. జాన్‌బాబు చూశాడు. “నువ్వు లోపలుండక్కా, నేను దిగుతా,” అన్నాడు. ఆమె బెల్టు విప్పబోయింది. కొక్కెం బిగుసుకుపోయి ఒక పట్టాన రాలేదు. “రెండు బోల్టులేగా, ఐదు నిమిషాల పని. నువ్వది విప్పేలోపు అయిపోద్ది,” అని నవ్వుతూ దిగిపోయాడు. ఆమె వద్దనలేదు. వద్దనాలని తోచలేదు.

రెండో బోల్టు బిగించి లేవబోతూ పాచి మీద కాలు జారాడు. కేక కూడా పెట్టలేదు.

అప్పుడు బెల్టు విప్పింది. అంతకుముందు రానన్న కొక్కెం అప్పుడు ఒక్క గుంజుకి వచ్చింది. దాన్ని కిటికీ పక్కన పడేసి మెట్లమీద కిందికి పరిగెత్తింది. పరిగెత్తడానికి అడ్డమని విప్పిందో, ఎవరైనా చూస్తారని విప్పిందో, ఈ ఆరు రోజులూ తనని తనే అడుగుతోంది. జవాబు తెలుసు కాబట్టే అడగడం మానలేకపోతోంది.

*

పెద్దాసుపత్రిలో వార్డు చివర కిటికీ పక్క మంచం జాన్‌బాబుది. మనిషి తెల్లగా పాలిపోయి ఉన్నాడు గానీ ముఖం మాత్రం మునుపటిదే. తలగడ పక్కన స్టూలు మీద వాళ్ళమ్మ మార్త కూర్చుని ఉంది. కృష్ణలంకలో నాలుగిళ్ళలో అంట్లు తోముతుంది ఆవిడ. వారంగా పనికి వెళ్ళలేదు.

“వచ్చావా అక్కా,” అన్నాడు జాన్‌బాబు. వేదశ్రీ చేతిలో ఫైలు చూశాడు. “సంతకం పెట్టెయ్. ఎస్సైగారు పొద్దున ఇక్కడికొచ్చారు. బెల్టులు రెండున్నాయి, నేనే పొగరుకి వేసుకోలేదని చెప్పేశా.”

వేదశ్రీ మంచం చివర నిలబడిపోయింది. ఆ మాట చెప్పమని అతన్ని ఆవిడ అడగలేదని ముఖం చూస్తేనే తెలుస్తోంది.

“ఎందుకు చెప్పావురా?” అని అడిగింది జ్యోతిర్మయి.

“మా చెల్లి శాలినికి వచ్చే బ్యాచ్‌లో సీటొచ్చింది కదా. ల్యాబు పని అంటే దానికి పిచ్చి. కేంద్రం మూసేస్తే అదీ అమ్మతోపాటు అంట్లకే. నా సంగతి ఎటూ తేలిపోయింది. దాని సంగతన్నా చూడాలిగా.” తర్వాత గొంతు తగ్గించి, ఆమె కళ్ళలోకి చూస్తూ, “నువ్వింకేం చెప్పమాక,” అన్నాడు.

మార్త ఇంతసేపూ తలెత్తలేదు. ఇప్పుడెత్తింది.

“ఏం చెప్పొద్దంటున్నావురా ఆ పిల్లని?”

“ఏం లేదులే అమ్మా.”

“ఏదో ఉంది.” ఆవిడ జ్యోతిర్మయి వైపు తిరిగింది. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. “వీడు చిన్నప్పట్నుంచీ సైకిలు కూడా మెల్లగా తొక్కేవాడు పాపా. వానలో గోడ పక్కన నడవడు, కూలుద్దేమోనని. అట్టాంటోడు బెల్టు పక్కనబెట్టుకుని వేసుకోలేదంటే నాకు నమ్మకం కుదరట్లా. వచ్చినోళ్ళందరూ అదే అంటన్నారు, నీ కొడుకు పొగరుబోతని. వీడూ అదే అంటన్నాడు. నువ్వక్కడే ఉన్నావంటగా. నువ్వు చెప్పు.”

జాన్‌బాబు అక్కా అని పిలిచాడు. ఆమె అటు చూడలేదు.

“బెల్టు ఒకటే ఉంది ఆంటీ,” అంది. “అది నేను కట్టుకునున్నా. వంతు నాది. భయమేసి ఆగిపోతే వాడు దిగాడు. వాడు పడ్డాక విప్పి పడేశా.”

అంతే. ఆరు రోజులు గుండెలో బండరాయిలా ఉన్నది నాలుగు ముక్కల్లో అయిపోయింది. తేలికవుతుందనుకుంది. కాలేదు.

మంచం చివర నుంచి వేదశ్రీ ఒక అడుగు వెనక్కి వేసింది. మార్త కదల్లేదు. తిడుతుందని, చెంప మీద కొడుతుందని జ్యోతిర్మయి ఎదురుచూసింది. కొడితే బాగుండునని కూడా అనుకుంది.

మార్త గోడ మీది గడియారం చూసింది. లేచి చీర చెంగు నడుముకి దోపుకుంది.

“అటు పక్క పట్టుకో,” అంది. “రెండు గంటలకోసారి తిప్పాలంట, లేకపోతే వీపు పుండ్లు పడతదంట. ఇందాకట్నుంచీ రెండో మనిషి కోసమే చూస్తన్నా.”

జ్యోతిర్మయి దుప్పటి అంచు పట్టుకుంది. మార్త చెప్పినట్టే భుజమూ తుంటీ ఒక్కసారే కదిలేలా, ఇద్దరూ కలిసి అతన్ని పక్కకి ఒత్తిగిల్లజేశారు. కాళ్ళు మనిషివి కానట్టు బరువుగా వచ్చాయి. మార్త వాటిని ఒకదాని మీద ఒకటి సరిచేసి, మధ్యలో తలగడ పెట్టి, వీపు తడిగుడ్డతో తుడిచింది.

పని అయ్యాక కూర్చుని, గుడ్డ మడతపెట్టుకుంటూ అడిగింది.

“ఇప్పుడు నాకు చెప్పిన మాటే రేపు ఎస్సైగారికీ చెబుతావా, ఆ కాగితంలో మాట చెబుతావా? ఏదో ఒకటి ఇప్పుడే చెప్పెయ్ పాపా. ఆశ పెట్టుకోనా వద్దా అని.”

జ్యోతిర్మయి నోరు తెరిచింది. జాన్‌బాబు ఆమె ముఖంలోకే చూస్తున్నాడు. వద్దని కళ్ళతోనే బతిమాలుతున్నాడు.

ఆమె ఏదో అనేలోపు వార్డు గుమ్మం దగ్గర వేదశ్రీ గొంతు వినిపించింది. ఎప్పుడు వెళ్ళిందో, అక్కడ నిలబడి కేంద్రంలో వాళ్ళతో ఫోన్లో మాట్లాడుతోంది. నెమ్మదిగానే మాట్లాడుతోంది గానీ ప్రతి మాటా మంచం దాకా వస్తోంది.

“…లేదండీ, ఆ కాగితం ఇంక ఇవ్వడం లేదు, సోమవారం దాకా ఆగక్కర్లేదు. రేపట్నుంచే పిల్లల్ని రావద్దని చెప్పెయ్యండి. వచ్చే బ్యాచ్ వాళ్ళ ఫారాలు కూడా తిరిగి ఇచ్చెయ్యండి. అవును, అందరివీ.”

జాన్‌బాబు ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. అంతవరకే తిప్పుకోగలిగాడు.